వారం రోజుల బంగారు వాచీ

రెండువేల సంవత్సరం దాటిన తొలి ఏళ్ళలో, ఒక ఎండాకాలం చివర, నా వాచీలో సెకన్ల ముల్లు ఊడిపోయింది. ఊడి అద్దం లోపలే ఉండిపోయింది. చెయ్యి కదిపినప్పుడల్లా పన్నెండు దగ్గర నుంచి ఆరు దగ్గరికి, ఆరు దగ్గర నుంచి మూడు దగ్గరికి చీమలా జారుతుండేది. వేరేవాళ్ళకైతే అదొక చిన్న సంగతి. నాకు మాత్రం సెకన్లతోనే పని. నేను నల్లమాడ దగ్గర ఒక పల్లెలో ఆరోగ్య ఉపకేంద్రం నర్సుని. నాడి చూడాలన్నా, ఆయాసపడే పసిబిడ్డ నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీస్తోందో లెక్కపెట్టాలన్నా, గర్భిణి పొట్ట మీద గొట్టం ఆనించి లోపలి బిడ్డ గుండె వినాలన్నా నా కన్ను ఆ ముల్లు మీదే ఉండాలి. రెండు రోజులు వాళ్ళనూ వీళ్ళనూ వాచీ అడిగి నెట్టుకొచ్చాను. మూడో రోజు, బేస్తవారం మధ్యాహ్నం, కదిరి బస్సెక్కాను.

ఆ నెలలోనే నాకు జీతం బకాయిలు ఒక్కసారిగా చేతికొచ్చాయి. అంత సొమ్ము ఒక్కచోట చూడడం నా ఉద్యోగంలో అదే మొదలు. ఆ సొమ్ము దేనికో మా ఆయన అప్పటికే తేల్చేశాడు. మాది ఏడెకరాల మెట్ట. వాన పడితే వేరుశనగ, పడకపోతే దుమ్ము. అంతకు ముందు రెండు బోర్లు వేయించాడు. మొదటిది ఒక ఏడాది నీళ్ళిచ్చి ఎండిపోయింది. రెండోదాంట్లో తెల్లటి బండపిండి తప్ప ఏమీ రాలేదు. అయినా మూడోదానికి నీళ్ళ జాడ చెప్పే మనిషిని పిలిచి చోటు చూపించుకున్నాడు. "అరచేతిలో టెంకాయ నిట్టనిలువునా లేసి నిలబడిందే. ఈ తూరి తప్పదు," అన్నాడు. నేను సరే అనలేదు, వద్దనలేదు. మా ఇంట్లో నా మౌనాన్ని సరే అనే లెక్క వేసుకోవడం అలవాటు.

కదిరిలో నేను ఎప్పుడూ పోయే వాచీ రిపేరు అంగడి ఒక సాయిబు మామది. గోడలో గూడంత చోటు. ఆయన కూతురిని మా ఊరికి దగ్గరి పల్లెలోనే ఇచ్చారు. ఆ పిల్ల మొదటి కాన్పు కష్టమైతే నేనే చేశాను. అప్పటి నుంచి ఆయన నా దగ్గర కూలీ తీసుకోవడం మానేశాడు. నేను బలవంతంగా పెట్టి వచ్చేదాన్ని.

ఆ రోజు కంటికి భూతద్దం బిగించుకుని నా వాచీ తెరుస్తుంటే, ఆయన ముందున్న పచ్చగుడ్డ మీద ఇంకో వాచీ కనిపించింది. బంగారుది. ఇప్పటి బంగారు పూత వాచీల్లా మెరవడం లేదు. తేనెరంగులో, నెమ్మదిగా ఉంది. తెల్లటి ముఖం కాస్త మీగడ రంగుకు తిరిగింది. అంకెలకు బదులు సన్నటి గీతలు. మధ్యలో నుంచి, వెంట్రుక లాంటి పొడవాటి సెకన్ల ముల్లు జారిపోతూ ఉంది. నా పాత వాచీలో ముల్లు సెకనుకొకసారి ఎగిరి కూర్చునేది. ఇది ఆగకుండా నడుస్తోంది, నీళ్ళ మీద ఆకు పోయినట్టు.

"చేతికి పెట్టుకో," అన్నాడు ఆయన, నా చూపు పసిగట్టి.

"నాకేంటికి మామా! ఎవురిదో."

"అమ్మకానికి పెట్టినారు. తనకల్లు పక్క ఊర్లో ఒక పెద్ద రైతుది. ఆయప్ప పోయి రెండేండ్లాయ. ఆయమ్మ పంపించింది. స్విట్జర్లాండు సరుకు. అచ్చమైన బంగారు. యాభై ఏండ్లాయ పుట్టి, ఇంకా ఊపిరి తీస్తాండాది చూడు."

పెట్టుకున్నాను. నిజానికి అది మగవాళ్ళ వాచీ. అయినా అప్పటి మగవాళ్ళ వాచీలు ఇప్పటంత పెద్దవి కావు. నా మణికట్టు మీద సరిపోయింది. చల్లగా తగిలి, కొంచెంసేపటికి నా ఒంటి వేడికి వచ్చింది. ధర అడిగాను. నా నాలుగు నెలల జీతం చెప్పాడు. వెంటనే విప్పి గుడ్డ మీద పెట్టేశాను.

"వచ్చే బేస్తవారం ఒక సేటు వస్తాడు," అన్నాడు సాయిబు మామ, నా పాత వాచీకి కొత్త ముల్లు బిగిస్తూ. "ఆయప్పకు వాచీ వద్దు, బంగారు కావాల. పైడబ్బా వలిచి కరిగించుకుంటాడు, లోపలి మిషను నా మొగాన పారేసి పోతాడు. ధర అదే ఇస్తాడు, ఎక్కువ ఇయ్యడు. వారం ఉండాది. తీసుకపోయి పెట్టుకొని చూడు. వద్దనుకుంటే తెచ్చీ."

"పోగొడితే?"

"మా బిడ్డను పోగొట్టలేదు గదా నువ్వు."

సగం భయంతో, సగం ఆశతో వాచీ రుమాలులో చుట్టి, జాకెట్టు లోపల దోపుకుని బస్సెక్కాను. ఇంటికొచ్చేదాకా ఆ టిక్కుటిక్కు నా గుండెదో వాచీదో తెలియలేదు.

మా ఆయనకు దాచకుండా చూపించాను. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఎంత?"

చెప్పాను.

"బోరుకు సగం పోతాది గదే!" అన్నాడు. కోపంగా కాదు, నిజంగానే అర్థం కానట్టు. "వాచీ అంటే వాచీ. ఊర్లో వంద రూపాయలవి కూడా టైము చూపిస్తాండాయి. బంగారు కావాలంటే గాజులు చేయించుకో. రేపు అవసరమైతే బ్యాంకులో పెట్టుకోవచ్చు."

ఆయన చెప్పినదాంట్లో తప్పు పట్టడానికి ఏమీ లేదు. అదే నాకు కష్టం. నా దగ్గర ఎదురు చెప్పే కారణమేదీ లేదు. ఆ వాచీ నాకు బాగుంది, అంతే. నలభై ఏళ్ళ వయసులో, ఇద్దరు పిల్లలు బడికి పోతున్న ఇంట్లో, నాకు బాగుంది కాబట్టి అని చెప్పడానికి నోరు రాలేదు. 'వారం చూసి తిరిగిచ్చేస్తాలే' అన్నాను. ఆయన తృప్తిగా తలాడించాడు.

మరునాడు వాచీ పెట్టుకునే డ్యూటీకి పోయాను, పైటకొంగు మణికట్టు మీదికి లాక్కుని. ఎండ మండుతోంది. దున్నిన వేరుశనగ చేలు వాన కోసం ఆకాశం వైపు నోరు తెరుచుకుని ఉన్నాయి. చివరి ఇంట్లో ఒక కూలీ అమ్మాయి తన ఏడు నెలల కొడుకును చూపించింది. దగ్గు, జ్వరం, డొక్కలు ఎగరేస్తున్నాడు. వాడిని తల్లి ఒళ్ళో పడుకోబెట్టి, చొక్కా పైకి తీసి, పొట్ట లేవడం దిగడం లెక్కపెట్టాలి. నిండా ఒక నిమిషం. పైటకొంగు తొలగించక తప్పలేదు.

ముల్లు పన్నెండు దగ్గరికి రాగానే మొదలుపెట్టాను. ఆ ముల్లు ఎగరకుండా సాఫీగా పోతుంటే నా లెక్క కూడా తడబడలేదు. పాత వాచీతో ఒక్కోసారి ముల్లు ఎగరడమూ, బిడ్డ పొట్ట ఎగరడమూ కలిసిపోయి మళ్ళీ మొదటికి రావలసి వచ్చేది. ఈసారి మొదటిసారే తేలింది. యాభై ఎనిమిది. ఎక్కువ. ఇంకో నిమిషం చూశాను, అంతే. ఆలోచించడానికి ఏమీ లేదు. తల్లినీ బిడ్డనూ ఆటో ఎక్కించి నల్లమాడ ఆసుపత్రికి తీసుకుపోయాను. డాక్టరు న్యుమోనియా అన్నాడు. మందు మొదలుపెట్టాక రెండో రోజుకే ఆ పిల్లోడు లేచి కూర్చున్నాడు. వాచీ వల్ల బతికాడని చెప్పడం లేదు. పాత వాచీతో చూసినా నేను ఆ పనే చేసేదాన్ని. కానీ ఆ నిమిషంలో నా చెయ్యి, కన్ను, వాచీ మూడూ ఒకదాని మాట ఒకటి వినడం నాకు అనుభవమైంది. చాలా ఏళ్ళుగా చేస్తున్న పని ఆ రోజు కొత్తగా చేసినట్టుంది.

ఆటోలో ఆ తల్లి నా చెయ్యి చూసి, "బంగారుదా నర్సమ్మా?" అంది.

"నాది కాదులే," అన్నాను.

"నీకు బాగుండాది," అంది, అంత బాధలోనూ.

పల్లెలో ఆ మాట గాలి కంటే వేగంగా పోయింది. సాయంత్రానికి బోరింగు దగ్గర ఆడవాళ్ళు నా చెయ్యి పట్టుకుని చూశారు. నర్సమ్మకు యాడిదో నిధి దొరికిందన్నారు. ఒకామె, "కుటుంబ నియంత్రణ ఆపరేషన్లకు గవర్నమెంటోళ్ళు ఇచ్చినారేమో," అంటే అందరూ నవ్వారు. నేనూ నవ్వాను గాని, ఇంటికి పోయాక వాచీ విప్పి బియ్యం డబ్బాలో దాచాను. శుక్రవారం పొద్దున సరిపెట్టిన టైమును శనివారం పొద్దున రేడియో వార్తల ముందు పలికే గంటలతో సరిచూశాను. రోజుకు రెండు నిమిషాలు వెనకబడుతోంది. 'చూసినావా, వద్దనడానికి ఒక కారణం దొరికింది' అనుకున్నాను. కానీ దాంతో నాకు సంతోషం కలగలేదు.

ఇంకో దిగులు కూడా ఉండేది. కష్టంలో ఉన్న ఒక ముసలామె మొగుడి వస్తువు అమ్ముకుంటుంటే, దాన్ని నేను మోజుపడి కొనడం ఏం న్యాయం? ఆ సంగతి తేల్చుకోకుండా తిరిగిచ్చినా, కొన్నా నాకు నిద్ర పట్టదనిపించింది. ఆదివారం కదిరిలో దిగి, సాయిబు మామను ఆ ఊరి పేరు అడిగి, తనకల్లు బస్సెక్కి, అక్కడ నుంచి ఆటోలో ఆ ఊరికి పోయాను.

పెద్ద ఇల్లు. రాతి కంబాలు. వసారాలో ఒక సన్నటి ముసలామె గోనెపట్ట మీద కూర్చుని వేరుశనగ కాయలు ఒలుస్తోంది. విత్తనాలకు. వచ్చిన పని చెప్పాను. ఆమె నా చేతి వంక చూసింది.

"కుచ్చో. దోసెడు ఒలువు. ఊరికే కుచ్చుంటే మాటలు రావు," అంది.

కూర్చుని దోసెడు కాయలు ఒలిచాక అడిగాను.

"అమ్మా, కష్టముండి అమ్ముతాండారా? అట్లయితే నేను..."

"నాకేం కష్టం? ముగ్గురు కొడుకులు. ముగ్గురూ బాగుండారు. వాచీ ఒకటే ఉండాది. పెద్దోడు నాదంటాడు, నడిపోడు నాదంటాడు. చిన్నోడు నోరు తెరిచి అడగడు గాని మొగం ముడుచుకుంటాడు. భూమైతే గెట్టేసి పంచొచ్చు. వాచీకి యాడ గెట్టు ఏస్తావు?"

నాకు నవ్వొచ్చింది. ఆమె నవ్వలేదు.

"ఇంగో సంగతి చెప్తా విను. ఆయప్ప మంచోడే. చెడ్డోడని చెప్పను. ఒక ఏడు శనక్కాయ బాగా పండితే బెంగుళూరు పోయి తెచ్చుకున్యాడు దాన్ని. ఆ పొద్దు నుంచి ఇంట్లో అందురూ దాని కిందనే. సంగటి తట్టలో పడేముందు వాచీ చూసేవాడు. ఐదు నిమిషాలు దాటితే లేసి పోయేవాడు. నాకు దాంట్లో టైము చూడ్డం రాదు. ఏ ముల్లు యాడుంటే ఆయప్పకు కోపమొస్తాదో, అంతమట్టుకు తెలుసు."

ఆమె వేళ్ళు ఆగకుండా ఒలుస్తూనే ఉన్నాయి. నాకు ఏమనిపించిందో, "చెయ్యి ఇయ్యండి" అన్నాను. నా ఉద్యోగం అలవాటు కావచ్చు. ఆమె కుడిచెయ్యి పట్టుకుని, నాడి మీద వేళ్ళు ఉంచి, ఆమె భర్త వాచీలో నిమిషం చూశాను. ఆమె కదలకుండా కూర్చుంది. వసారా అవతల ఒక కోడి గింజల కోసం తచ్చాడుతోంది.

"డెబ్బయ్యారు. బాగుండాది మీ నాడి," అన్నాను.

ఆమె తన చెయ్యి తానే కొత్తగా చూసుకుంది. "దీంట్లో ఇది గూడా చూడొచ్చునా?" అంది. ఆ చెయ్యి ముడిచి తెరిచి, "ఇన్నేండ్లు ఆ వాచీ ఎనకాల పరుగెత్తినా. నా నాడి ఎంతని ఎవురూ చూళ్ళేదు," అంది. ఆ గొంతులో ఫిర్యాదు లేదు. ఒక సంగతి చెప్పినట్టు చెప్పింది.

అమ్మిన సొమ్ముతో ఏం చేస్తారని అడిగితే, వీధివైపు చూసి గొంతు తగ్గించింది. ఆ ఊరి నుంచి రామేశ్వరానికి బస్సు కడుతున్నారట. తనూ, ఇంకో ఇద్దరు ముసలమ్మలూ పోవాలని మాట్లాడుకున్నారట. దేవుణ్ణి చూస్తానంది గాని, అసలు సంగతి సముద్రమని ఆమె కళ్ళే చెప్పాయి. పుట్టిన కాడి నుంచి మోకాటి లోతు నీళ్ళు చూడడమే ఎక్కువ. కొడుకులను అడిగితే ఈ వయసులో ఎందుకంటారు. ఆమె నిజంగానే పోయి వచ్చింది. ఆ శీతాకాలం సాయిబు మామ అంగట్లో కలిసినప్పుడు సముద్రం ఎట్లుందని అడిగాను. "ఏమప్పా అన్ని నీళ్ళు! ఒక్క గుక్క తాగేదానికి పనికి రావు. అయినా మూడు పొద్దులు ఆడనే కుచ్చున్యా," అంది.

ఆ ఆదివారం మాత్రం, నేను లేచి బయల్దేరుతుంటే ఆమె నన్ను ఆపింది.

"ఎవురి కష్టమో, ఎవురి న్యాయమో నీకేంటికి? నీకు ఆ వాచీ కావల్నా వద్దా, అంతమట్టుకు చెప్పు."

"కావాల," అన్నాను. అంత గట్టిగా వచ్చిందా మాట, కోడి బెదిరి పక్కకు పోయింది.

"మరి ఆ మాట ఇంట్లో చెప్పు," అంది ఆమె, మళ్ళీ కాయలు అందుకుంటూ.

ఆ సాయంత్రమే చెప్పాను. మా ఆయన ఎద్దులకు మేత వేసి వచ్చి కాళ్ళు కడుక్కుంటున్నాడు.

"వాచీ కొంటాను. మిగిలిన దుడ్లు నీ చేతికిస్తా. బోరే ఏస్తావో, ఏరేదే చేస్తావో నీ ఇష్టం. నాకు అది కావాల."

ఆయన చెంబు కింద పెట్టాడు. "ఏంటికి?"

"ఏంటికంటే... కావాల."

ఆయన చెంబు తీసుకుని ఇంట్లోకి పోయాడు. సోమవారం, మంగళవారం ఇంట్లో సంగటి, పులుసు తప్ప మాటలు లేవు. పోట్లాట కంటే అది కష్టంగా ఉండింది. రెండుసార్లు 'పోనీలే, తిరిగిచ్చేస్తా' అని నాలుక దాకా వచ్చింది. మింగేశాను. బుధవారం పొద్దున ఆయన పొలానికి పోయి, మధ్యాహ్నం కాకముందే తిరిగొచ్చాడు. వసారాలో కూర్చుని టవలుతో మొహం తుడుచుకుంటూ, నా వైపు చూడకుండా చెప్పాడు.

"రెండో బోరు కాడికి పోయినా. గొట్టంలోకి రాయి ఏసి ఇన్యా. ఎంతసేపటికీ నీళ్ళ సప్పుడు లేదు. ఆ పొద్దు దాన్ని ఏసేటప్పుడు నిన్ను అడగలేదు నేను."

నేను చెంబుతో నీళ్ళు తెచ్చి ఆయన ముందు పెట్టాను.

"ఆడ మట్టి మింగింది ఆ దుడ్లంతా. ఇది చేతి మీదన్నా కనపడ్తాది," అన్నాడు. తర్వాత, తన మాటకు తనే నవ్వుకుని, "రేపు నేనూ వస్తా కదిరికి. మోసమేమో చూడల్ల గదా," అన్నాడు.

బేస్తవారం ఇద్దరం పోయాం. మా ఆయన పెళ్ళికి పోయినట్టు ఉతికిన పంచె కట్టాడు. దారిలో తనకు తెలిసిన బంగారం పని ఆచారి దగ్గర ఆపి వాచీ అంచు గీటురాయి మీద గీయించాడు. ఆచారి తల ఊపాక గాని అంగడికి రానివ్వలేదు. అక్కడ సాయిబు మామతో, "లోపల ఏముందో చూపించు మామా," అన్నాడు. ఆయన నవ్వి, వెనక మూత తీసి, భూతద్దం మా ఆయన కంటికి బిగించాడు.

మా ఆయన వంగి చూశాడు. చూసి, అట్లే ఉండిపోయాడు. నేను కూడా తర్వాత చూశాను. లోపల గోధుమగింజంత చక్రాలు, నడుమ ఎర్రటి చుక్కల్లాంటి రాళ్ళు, వెంట్రుక కంటే సన్నటి తీగచుట్ట ఒకటి ముడుచుకుంటూ విచ్చుకుంటూ ఉంది. ఎద్దులను కొనేటప్పుడు కూడా ఆయన అంతసేపు చూడలేదు.

"రోజుకు రెండు నిమిషాలు ఎనకపడ్తాండాది మామా," అన్నాను నేను, బేరం కోసం కాదు గాని చెప్పాలి కదా అని.

"ఆయిలు ఎండిపోయింది. నూనె పోసి సరి చేసిస్తా. నిమిషం లోపలికి వస్తాది. మనుషులు గూడా యాభై ఏండ్లకు ఆ మాత్రం ఎనకపడ్తారమ్మా," అన్నాడు సాయిబు మామ.

మా ఆయన భూతద్దం తీసి, కన్ను నులుముకుంటూ తల ఎత్తాడు. "దీని నాడి బాగా కొట్టుకుంటాండాది," అన్నాడు నాతో. "తీసుకో."

తిరుగు బస్సులో మాకు కిటికీ పక్క సీటు దొరికింది. ప్రతి స్టేజీ దగ్గరా ఆయన, "టైమెంత?" అని అడిగాడు. ప్రతిసారీ నేను చెయ్యి చాపి చూసి చెప్పాను. నాలుగోసారికి కండక్టరు కూడా నవ్వాడు.

మూడో బోరు ఆ ఏడాది వేయలేదు. మిగిలిన సొమ్ముతో ఆయన రెండు పాడి ఆవులు కొన్నాడు. అవి మమ్మల్ని ధనవంతులను చేయలేదు గాని, పిల్లల చదువు సాగింది. మరుసటి ఏడాది వాన ముఖం చాటేసినప్పుడు, పంట వట్టి గడ్డిగా మిగిలినప్పుడు, నేనే వాచీ విప్పి ఆయన ముందు పెట్టాను. ఆయన దాన్ని తీసి నా చేతికి తానే కట్టాడు. బకిల్ పెట్టడం రాక చాలాసేపు తంటాలు పడ్డాడు. ఆ కష్టకాలం పాలమ్ముకుని గట్టెక్కాం.

ఆ వాచీతో నేను ఎన్ని నాడులు చూశానో లెక్క లేదు. పొద్దున్నే కీ ఇవ్వడం, వేలికి బిగువు తగలగానే ఆపడం నాకొక అలవాటయింది. ఇంకో అలవాటు కూడా వచ్చింది. తొలిచూలుతో ఉన్న ఆడపిల్లలు పరీక్షకు వచ్చినప్పుడు, లోపలి బిడ్డ ఎట్లుందోనని బిక్కమొహం వేసుకుని ఉండేవాళ్ళు. గొట్టంతో గుండె చప్పుడు నాకు వినిపిస్తుంది గాని వాళ్ళకు వినిపించదు. అందుకని వాచీ విప్పి వాళ్ళ చెవికి ఆనించేదాన్ని. 'నీ బిడ్డ గుండె ఇట్ల కొట్టుకుంటాండాది, దీనికంటే నిదానంగా' అని చెప్పేదాన్ని.

ఒక పొద్దు, పద్దెనిమిదేళ్ళ పిల్ల ఒకతె, కళ్ళు మూసుకుని వాచీ వింది. వింటూ వింటూ ఆమె ముఖంలో భయం పోయి ఆశ్చర్యం వచ్చింది.

"ఇంత బిరీన్నా? యాడికి పోవల్లనో వానికి, అంత తొందర!" అంది.